ఆరు వారాల చీర

సూరత్‌లో ముప్పై ఏళ్లు మరమగ్గాలు నడిపాను. నా చెవికి తెలియకుండా ఒక్క పోగు కూడా తెగలేదు. నిద్రలో ఉన్నా పట్టేసేవాణ్ణి.

ఇప్పుడు ఆ ఊళ్లోనే, కోసాడ్‌లో, మనవరాలు రుచిత దగ్గర ఉంటున్నాను. సూరత్‌లోనే పుట్టి పెరిగిన పిల్ల. చీరల వ్యాపారుల కోసం యాప్ రాస్తుంది. తను ఏ మార్పు చేసి పంపినా, కంప్యూటరే యాప్‌ను మళ్లీ కట్టి, పరీక్షలన్నీ పెట్టి, అన్నీ పచ్చగా వెలిగితేనే విడుదల చేస్తుంది. మొన్న మధ్యాహ్నం ఒక పరీక్ష ఎర్రబడి, విడుదల ఆగింది. నాలుగింటికి సలాబత్‌పురా చీరల బజారు సేఠ్ తన వరంగల్ బేరగాళ్లకు తెలుగులోకి మార్చిన యాప్ చూపించాలి. రుచిత ఒంటరిగా తలకెత్తుకున్న మొదటి పని అది. చెడితే మళ్లీ ఇవ్వరు.

"నీ మాటే అడ్డం పడ్డది తాతా! చీర కొలత గజాలల్ల రావాలని పరీక్ష రాయించినవ్. గుజరాతీల 'వార్' అంటే గజమే గదా, నేను 'వారాలు' అని పెట్టిన. ఆ పరీక్ష తీసేస్త."

నవ్వితే అలుగుతుంది. గోడకానుకుని ఓ కునుకు తీసి లేచాను.

"బిడ్డా, కలొచ్చింది. పెండ్లిపిల్ల ఆరు వారాల చీర కడుతున్నది. తాపీ నది మీదికెళ్లి చీర వస్తనే ఉన్నది, మంచు లెక్క. కుచ్చిళ్లు పోస్తుంటే చంద్రుడు నిండిండు, తరిగిండు, మళ్ల నిండిండు. పెండ్లికొడుకు గడ్డం నెరిసింది. కొంగు ఇంకా మగ్గం మీదనే ఉన్నది!"

"గిదేం కల? చీర కట్ట గంతసేపేంది?"

"తెలుగుల వారమంటే మనం అనే హఫ్తా, బిడ్డా."

మీటల మీద చెయ్యి ఆగిపోయింది. "అయ్యో, ఆరు హఫ్తాల చీరనా!" అని పడీపడీ నవ్వింది. "పరీక్ష తీసేసి పంపితే ఇజ్జత్ పోతుండె తాతా."

ఇక నేనూ నిజం ఒప్పుకున్నాను. మగ్గంలో పోగు పోగుకూ ఒక సన్నని రేకు వేలాడుతుంది. పోగు తెగితే రేకు పడి, మగ్గం దానంతటదే ఆగుతుంది. పట్టేది ఆ రేకు, నా చెవి కాదు. నేను హాయిగా గురక పెట్టేవాణ్ణి. మాటిమాటికీ ఆగి నిద్ర చెడగొడుతోందని ఒకసారి ఆ రేకులు కింద పడకుండా తాడుతో కట్టేశాను. పోగు తెగినా మగ్గం ఆగక, బట్ట థాను పొడుగునా గీత పడింది.

రుచిత 'గజాలు' అని దిద్ది పంపింది. కిటికీలో ఆరేసిన చీర మెల్లగా ఊగుతుంటే, తెర మీద దీపాలు ఒక్కొక్కటే పచ్చబడ్డాయి. మూడుంబావుకు యాప్ తనంతట తానే విడుదలైపోయింది.

ఇదంతా జరిగిందే. కల మాత్రం రాలేదు. కునుకూ పట్టలేదు. పిల్ల చెయ్యి ఆ పరీక్ష మీద ఉంటే నిద్రెలా వస్తుంది? అప్పటికప్పుడు అల్లేశాను.