బాలింతకి కొలిచిన నీళ్ళు

ఆ రోజు ఇంట్లో ఉన్నది నలుగురమే. నానమ్మ నూకాలమ్మ, గౌతమి వదిన, వదిన పక్కలో ఇంకా పేరు పెట్టని పాప, నేను. నాన్న చీకటితోనే వేటకి వెళ్ళాడు. అమ్మ చేపల గంపతో సోంపేట వెళ్ళింది. కామేశ్ అన్నయ్య పారాదీప్‌లో బోటు మీద పనిచేస్తున్నాడు, కూతురు పుట్టిందన్న మాట ఫోనులోనే విన్నాడు. తాత గోడ మీద ఫోటోలో ఉన్నాడు. ఆయన పోయి రెండేళ్ళు దాటింది గానీ, జరిగినదంతా ఆయన దగ్గర మొదలైంది కాబట్టి ఆయన్ని వదిలేసి చెప్పలేను.

వదినకి తల్లి లేదు. మొదటి కాన్పు పుట్టింట్లో జరగాలి, కానీ అక్కడ చూసే ఆడదిక్కు లేక మా ఇంట్లోనే పెట్టుకున్నాం. సోంపేట ఆసుపత్రిలో మామూలు కాన్పే అయింది. ఇంటికి తెచ్చిన రోజు నానమ్మ గుమ్మంలో దిష్టి తీసి, తల్లి లేని పిల్ల, దీనికి ఏ లోటొచ్చినా మనల్నే అంటారు అని అందరికీ చెప్పింది. అంతవరకూ ఇల్లు పండగలాగే ఉంది.

తర్వాత రెండు రోజులకి వదిన కాళ్ళు వాచాయి. నానమ్మ పాదం మీద బొటనవేలితో నొక్కింది. వేలు తీసినా గుంట అలాగే ఉండిపోయింది. ఆవిడ లేచింది. పెరట్లోకి పోయి కొబ్బరిచెట్ల కింద చాలాసేపు ఒక్కతే కూర్చుంది.

మా ఉద్దానంలో కాళ్ళ వాపంటే ఎవరి గుండె అయినా జారిపోతుంది. ప్రతి వీధిలోనూ కిడ్నీ జబ్బు మనిషి ఉన్నాడు. మా తాతకీ మొదట కాళ్ళే వాచాయి. వలలు లాగి లాగి వాచాయని నవ్వేశాడట. విశాఖపట్నం తీసుకెళ్ళేసరికి బాగా ముదిరిపోయింది. ఉప్పు మానాలి, అరటిపండు వద్దు, కొబ్బరినీళ్ళు అసలు వద్దు, నీళ్ళు కొలిచి తాగాలి అని అక్కడి డాక్టర్లు చెప్పారు. నానమ్మ ఒక చిన్న స్టీలు గ్లాసు విడిగా పెట్టి, రోజంతా తాత ఏం తాగినా దానితోనే పోసేది. ఎండాకాలం మధ్యాహ్నాల్లో తాత ఆవిడని బతిమాలుతూ, "ఒలే నూకాలూ, ఎదురుగా సముద్రం అంత నీరుంది, నాకు గుక్కెడు పొయ్యలేవేటి" అనేవాడు. ఆవిడ పోసేది కాదు. ఏడుస్తూ అయినా పోసేది కాదు. తాతతో పాటే జబ్బు పడ్డవాళ్ళ కంటే తాత ఎక్కువ కాలం బతికాడు. నూకాలమ్మ కాపలా వల్లే బతికాడని ఊరంతా అన్నారు.

అందుకే ఇప్పుడు ఆ గ్లాసు మళ్ళీ అటక మీద నుంచి దిగింది.

వదినకి పొద్దున ఒక గ్లాసు, అన్నంలో ఒకటి, సాయంత్రం ఒకటి. అన్నంలో ఉప్పు లేదు. ఇంటి చుట్టూ ఎటు చూసినా బొండాలే, అందులో ఒక్కటి కూడా వదినకి లేదు. బాలింతకి నీళ్ళు తగ్గించడం మా పక్క మామూలే కాబట్టి అమ్మకి అందులో వింత కనబడలేదు. వదినా నోరెత్తలేదు. పెదాలు ఎండి పొట్టు రేగుతుంటే నాలుకతో తడుపుకునేది. ఒకసారి మొహం కడుక్కుంటూ దోసిట్లో నీళ్ళు గబగబా తాగేసి, నన్ను చూసి కళ్ళు దించుకుంది. ఒక పెద్ద మనిషి నా ముందు అలా దొంగలాగా నిలబడటం చూసి నాకే సిగ్గేసింది.

పాప గుడ్డలు ఉతికే పని నాది. వేసవి సెలవులు, తొమ్మిదో తరగతి పరీక్షలు అయిపోయాయి, వేరే పనేమీ లేదు. మొదట్లో ఒక దండెం చాలేది కాదు. తర్వాత తర్వాత దండెం మీద జాగా మిగిలింది. ఒకటి రెండు గుడ్డల మీద ఇటుకరంగు మరకలు కనిపించాయి. పాప ఏడుపు కూడా తగ్గింది. రొమ్ము పట్టించిన కాసేపటికే నిద్రపోయేది. నానమ్మ అది చూసి, గుంట ఎంత బుద్ధిగా పడుకుంటుందో అని మురిసేది. లేచినప్పుడు దూదిని పంచదార నీళ్ళలో ముంచి నోట్లో పెట్టేది. వదినకి పాలు చాలడం లేదు, సాయంత్రం పాలడబ్బా ఒకటి తెమ్మని ఆ పొద్దున్నే అమ్మకి చెప్పి పంపింది.

నాకు మాత్రం ఆ నిద్ర నచ్చలేదు. పాప చెంప తట్టినా లేవడం లేదు. తాత కూడా చివర్లో అలాగే నిద్రపోతూ ఉండేవాడు.

నానమ్మకి చెప్పలేకపోయాను. నేను ఎవరికీ ఏమీ చెప్పలేను. బడిలో హాజరు పిలిచినప్పుడు నేను పలికింది వినబడక, మాస్టారు రెండుసార్లు నేను రాలేదని రాసుకున్నారు. బల్లలో నా పక్కన కూర్చునే నాగమణి అప్పట్నుంచీ నా బదులు తానే పలుకుతుంది.

ఆ రోజు ఎండెక్కుతుండగా సుభద్ర నర్సమ్మ వచ్చింది. ఆవిడది టెక్కలి. వారానికోసారి మా ఊళ్ళ మీదుగా తిరుగుతూ బాలింతల్నీ పిల్లల్నీ చూస్తుంది. నానమ్మ చాప వేసింది. బాలింత ఎలా ఉందని అడిగితే బంగారంలా ఉందంది. బాగా తింటోందా అంటే తింటోందంది. తాగుతోందా అంటే తాగుతోందంది. అడిగినది వదిన గురించే, జవాబులన్నీ నానమ్మవే. వదిన తల వంచుకుని చీర కొంగు అంచు మడతపెడుతూ కూర్చుంది.

నర్సమ్మ పాపని గుడ్డ ఉయ్యాలలో పెట్టి కొక్కేనికి తగిలించి తూచింది. ముల్లు చూసి, పాపని దించి, మళ్ళీ తూచింది. పుట్టినప్పటి బరువు ఈపాటికి మళ్ళీ రావాలి, రాలేదంది. పాప పొట్ట మీద చర్మం మెల్లగా పట్టి వదిలి చూసింది. పాప ఒంటేలు ఎన్నిసార్లు పోస్తోందని అడిగింది.

బాగానే పోస్తోందంది నానమ్మ.

అప్పుడు నర్సమ్మ గది అంతా ఓసారి చూసి, గుడ్డలు ఎవరు ఉతుకుతున్నారని అడిగింది.

నేను గుంజ వెనక ఉన్నాను. నాగమణి అక్కడ లేదు. పాప నర్సమ్మ ఒళ్ళో నోరు తెరుచుకుని నిద్రపోతోంది, ఇంత కదిపినా లేవలేదు. ఇప్పుడు పలకకపోతే ఈవిడ సంచి సర్దుకుని మళ్ళీ వారం దాకా రాదు అనిపించింది.

"నేనే" అన్నాను. వినబడలేదేమో అని ఇంకోసారి అన్నాను. "మూడు రోజుల్నుంచి తక్కువే తడుస్తున్నాయి. ఎర్రగా మరకలు కూడా ఉన్నాయి. వదినకి నీళ్ళు లేవు. తాతకి కొలిచినట్టు కొలుస్తున్నారు."

అంత పొడుగు మాట నేను కొత్తవాళ్ళ ముందు ఎప్పుడూ అనలేదు. నానమ్మ నా వైపు తిరిగిన తీరు చూసి గుంజని గట్టిగా పట్టుకున్నాను.

"అబ్బో, బళ్ళో నోరు పెగలని గుంట. ఈవేళ కలెక్టరమ్మ అయిపోనాది" అంది నానమ్మ.

నర్సమ్మ నన్ను మెచ్చుకోనూ లేదు, నానమ్మని తిట్టనూ లేదు. ఎందుకమ్మా కొలుస్తున్నావు అని మాత్రం అడిగింది. నానమ్మ లేచి వెళ్ళి వదిన కాళ్ళ మీది దుప్పటి లాగేసింది.

"సూడమ్మా, నువ్వే సూడు. మా ముసలోడికీ ఇలగే మొదలైంది. అప్పుడు నాకు తెల్దు, నవ్వీసి ఊరుకున్నాను. ఇప్పుడు తెలుసు. తెలిసీ ఊరుకోమంటావేటి?"

వదిన తల ఎత్తి చూసింది. నీళ్ళు ఎందుకు ఆపారో వదినకి అప్పటిదాకా ఎవరూ చెప్పలేదని ఆ చూపులో నాకు తెలిసింది. బాలింత పథ్యం అనుకుంది. తనకి ఆ జబ్బు వచ్చిందని నానమ్మ భయపడుతోందని అనుకోలేదు.

నర్సమ్మ వదిన చేతికి పట్టీ చుట్టి బీపీ చూసింది, బాగానే ఉందంది. ఒక సీసా ఇచ్చి, శుభ్రంగా కడుక్కుని మూత్రం పట్టి తెమ్మంది. వదిన తెచ్చింది సీసా అడుక్కి కాస్త పైదాకే ఉంది, రంగు ముదురు. నర్సమ్మ సంచిలోంచి గాజు గొట్టం, చిన్న స్పిరిట్ దీపం తీసింది. గొట్టంలో పోసి, పైభాగం మంట మీద పెట్టింది. విరిగిన పాలలాగా తెల్లగా అయితే కిడ్నీలకి బాగోలేదని అనుమానించాలి, తేటగా ఉంటే భయం లేదని ముందే చెప్పింది.

నానమ్మ మంట పక్కనే గొంతుక్కూర్చుంది. గొట్టంలో నీరు మరిగి బుడగలు లేచాయి. వదిన నా చేయి పట్టుకుంది. ఆ చేయి ఎండిన ఆకులాగా గరగరలాడింది. బుడగలు తగ్గాయి. నర్సమ్మ ఏదో మందు చుక్క వేసి, వెలుతురుకి పట్టి చూపించింది. తేటగానే ఉంది.

"మళ్ళీ ఒకపాలి సెయ్యి" అంది నానమ్మ.

నర్సమ్మ విసుక్కోకుండా గొట్టం కడిగి మళ్ళీ చేసింది. మళ్ళీ తేటగానే ఉంది.

"అమ్మా, మీ ఆయనకి నువ్వు చేసింది తప్పు కాదు" అంది నర్సమ్మ. "ఆయన ఒళ్ళు నీళ్ళని బయటికి పంపలేకపోయింది, అందుకే కొలిచారు. ఈ పిల్ల ఒళ్ళు పంపగలదు. కడుపుతో ఉన్నప్పుడు చేరిన నీరు, ఆసుపత్రిలో ఎక్కించిన సెలైను, అవి కాళ్ళలోకి దిగాయి. చాలామందికి దిగుతాయి, వాటంతటవే పోతాయి. దాహం వేసినంతా తాగనివ్వు."

తర్వాత ఆవిడ చాలా చెప్పింది. వాపు తగ్గకపోయినా, మొహం వాచినా, తలనొప్పి గట్టిగా వచ్చినా, కళ్ళు మసకేసినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి రావాలి. నానమ్మ మనసు కుదుటపడటానికి రేపు సోంపేటలో రక్తం కూడా చూపిద్దాం. పాప నిద్రపోతోంది కదా అని వదిలేయకూడదు, పాలు తక్కువైన బిడ్డకి ఏడవడానికి కూడా ఓపిక ఉండదు. రెండు మూడు గంటలకోసారి లేపి, అరికాళ్ళు రుద్ది, రెండువైపులా పట్టించాలి. ఎంత తాగిస్తే అంత ఊరతాయి. పంచదార నీళ్ళు పోస్తే ఉన్న కాస్త ఆకలీ చచ్చిపోతుంది, ఆరు నెలలదాకా అమ్మ పాలు తప్ప ఏమీ వద్దు. పాప అసలు లేవకపోయినా, పూట పూటంతా గుడ్డ తడవకపోయినా సాయంత్రమని చూడకుండా ఆటో ఎక్కేయండి అంది. రేపు తనే వచ్చి మళ్ళీ తూస్తానంది.

వెళ్ళే ముందు వదిన పక్కన కూర్చుని పాపని పట్టించడం చూపించింది. చనుమొన ఒక్కటే కాదు, చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా నోట్లోకి వెళ్ళాలట. పాప ఒకసారి పట్టి వదిలేసింది. ఇంకోసారి పట్టి కొంచెంసేపు చీకింది. అంతే.

నర్సమ్మ వెళ్ళాక నానమ్మ వంటింట్లోకి వెళ్ళింది. కత్తి తీసుకుని పెరట్లోకి పోయింది. చెక్కిన బొండం తెచ్చి వదిన చేతిలో పెట్టింది. వదిన ఆవిడ మొహం వంక చూసి, నిజమేనా అన్నట్టు ఆగింది. నానమ్మ తల ఊపింది. వదిన ఎత్తి తాగింది. నీళ్ళు గడ్డం మీదుగా కారి జాకెట్టు తడిసినా ఆపలేదు.

"మెల్లగా తాగు పిల్లా. బొండం ఎక్కడికీ ఎల్లిపోదు" అంది నానమ్మ. ఇంకో బొండం చెక్కుతూ గోడ మీది ఫోటో వైపు ఒకసారి చూసి, "ఈడూ అడిగీవోడు" అనుకుంది తనలో తాను.

సాయంత్రం అమ్మ తెచ్చిన పాలడబ్బా మూత విప్పలేదు. మర్నాడు నర్సమ్మ వచ్చి తూచింది. ముల్లు ముందురోజు దగ్గరే ఉంది, కానీ తగ్గలేదు, అది చాలు ఈ రోజుకి అంది. వదినకి సోంపేటలో రక్తం చూశారు, బాగుందన్నారు. నానమ్మ ఆ కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని చాలాసేపు చూసి, అమ్మకిచ్చి దాచమంది. వదిన పక్కన ఇప్పుడు చెంబు ఉంది. అది ఖాళీ అయితే నానమ్మే నింపుతోంది, నేను లేవబోతే కసిరి కూర్చోబెడుతోంది. పాపని లేపే పని కూడా ఆవిడే తీసుకుంది. అరికాళ్ళు రుద్దుతూ, ఒలే దొంగముండా లెగు, మీ అమ్మ నీకోసం కుండెడు తాగింది అని తిడుతుంటే పాప ముక్కు చిట్లించి కేరుమనేది. ఆ ఏడుపుకి ఇంట్లో అందరం నవ్వేవాళ్ళం.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం నేను గదిలో చీపురు పట్టుకుని ఉన్నాను. వదిన గోడకి ఆనుకుని పాలిస్తోంది. ఊడుస్తుంటే ఒక చిన్న చప్పుడు వినబడింది. క్లక్, మళ్ళీ క్లక్. చీపురు ఆపి విన్నాను. పాప గుటకలు. ఇన్నాళ్ళూ చీకడమే చూశాను గానీ మింగుతున్న చప్పుడు ఎప్పుడూ వినలేదు. దగ్గరికి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చున్నాను. మింగినప్పుడల్లా పాప చెవి కదులుతోంది. పెదవి చివర నుంచి పాలు ఒక చుక్క జారి వదిన మోచేతి మీద పడింది. వదిన కళ్ళు మూసుకుని ఉంది, పెదవుల మీద పొట్టు లేదు.

"వదినా, మింగుతోంది" అన్నాను. ఈసారి నా గొంతు కొంచెం గట్టిగానే వచ్చినట్టుంది. పాప ఉలిక్కిపడి చేయి ఎగరేసింది, కానీ రొమ్ము వదల్లేదు.

నానమ్మ వంటింట్లోంచి వచ్చి నా జబ్బ పట్టుకుని లేపింది.

"ఏటలా గుడ్లప్పగించి సూత్తన్నావు? గుంటకి దిట్టి తగిలీగలదు. తాగనీ దాన్ని, ఎల్లు అవతలికి."

నేనింకా పాప చెవి వైపే చూస్తుండగా నన్ను గడప దాటించి, నా మొహం మీదే తలుపు వేసేసింది.