పన్నెండో నంబరు అచ్చు

మా కళ్ళ ముందే పెట్టారు. మా కళ్ళ ముందే దొరికిందన్నారు.

యూనియన్ గదిలో ఒక బల్ల, రెండు బెంచీలు, మూలన నీళ్ళ కుండ. ఇన్‌స్పెక్టరు ఆ కుండ వెనక చెయ్యి పెట్టి పటకారులాంటిది ఒకటి తీశాడు. దాని మూతికి రెండు ఇనప చెక్కలు. మూస్తే మధ్యలో తూటా ఆకారంలో గుంట. కరిగిన సీసం అందులో పోస్తే తూటా తయారు. అది తూటా అచ్చు. ఆయన లోపలికి వచ్చినప్పుడు కోటు జేబు బరువుగా వేలాడింది, వెళ్ళేటప్పుడు తేలిపోయింది. గుమ్మంలో ఉన్న నలభై మందిమీ చూశాం. చూసి ఏం చేశాం? ఏమీ చెయ్యలేదు. తుపాకులు వాళ్ళ దగ్గరున్నాయి.

ముందు రోజే ఫౌండ్రీ గేటు దగ్గర కాపలావాళ్ళు కాల్చి మావాళ్ళిద్దరిని చంపారు. పని ఆపి మేం అడిగింది ఏమిటి? కరిగిన ఇనుము మోసే లాడిల్‌కి కొత్త గొలుసు. పాతది తెగి అప్పటికే ముగ్గురు కాలిపోయారు. ఇప్పుడు కాల్చింది కూడా మేమేనట! ఆ తూటాలు పోసింది యూనియన్ కార్యదర్శి, మా తమ్ముడట! వాణ్ణి చొక్కా పట్టి ఈడ్చుకుపోతుంటే వెనక్కి తిరిగి, "అక్కా, గొలుసు సంగతి వదలొద్దు" అన్నాడు. వెధవ, తన సంగతి అనలేదు.

నేను అదే ఫౌండ్రీలో ఇసుక జల్లెడ పట్టేదాన్ని. మాతో అచ్చుల పని చేసే పెద్దాయన ఒకడుండేవాడు. చేతిలో ఆకురాయి లేకుండా ఆయన్ని ఎవరూ చూడలేదు, అందుకే ఆకురాయి తాత అనేవాళ్ళం. ఓనరుకి పాత తూటా అచ్చులు పోగుచేసే పిచ్చి. బంగళాలో అద్దాల బీరువా నిండా అవే. ఏటేటా వాటికి నూనె రాసేది తాతే. అందుకని మా తరఫు సాక్షిగా తాతని పిలిపించాం.

కోర్టులో అచ్చు చేతికిస్తే తాత దాన్ని రెండుసార్లు మూసి, తెరిచి, పకపకా నవ్వాడు.

"అయ్యా, ఇవి మొగుడూ పెళ్ళాలు కావండీ. బలవంతపు పెళ్ళి చేశారు."

జడ్జి ముందుకి వంగాడు. "ఎలా చెప్తావ్?"

"గుంట గుండ్రంగా ఉంటే బాగా పాతదండీ, ముత్తాతల నాటిది. కొస తేలి, అడుగున చుట్టూ గాట్లుంటే తర్వాతది. ఇవి రెండూ తర్వాతవే. కానీ ఈ చెక్కకి మూడు గాట్లు, ఆ చెక్కకి రెండే. ఇది ఆకురాయితో చేత్తో చేసింది, గీతలు అడ్డదిడ్డంగా ఉన్నాయి. అది మిషను మీద కోసింది, గీతలన్నీ ఒకే తీరు. మధ్యలో యాభై ఏళ్ళ తేడా! చెక్కల్ని కలిపే ఈ బందు దగ్గర నంబర్లు చూడండి. ఇది పన్నెండు, అది ఏడు. ఇందులో సీసం పోస్తే సందుల్లోంచి కారి పోసినవాడి కాళ్ళే కాలతాయి."

కోర్టంతా నవ్వింది. ఇన్‌స్పెక్టరు మాత్రం నోటుబుక్కు తీశాడు. "నిదానంగా చెప్పు పెద్దాయనా, రాసుకుంటాను."

తాత మాట అంత శ్రద్ధగా విన్నవాడు జన్మలో లేడు. పాపం, మురిసిపోయాడు. "ఈ పన్నెండో నంబరు చెక్కకి అసలు జోడీ ఎక్కడో లేదండీ, బంగళాలోనే ఉంది. బీరువాలో మూడో అర. ఇది ఎవరిదో ఇక తేలిపోయినట్టేగా!"

జడ్జి వాయిదా వేశాడు. మేం తాతని భుజాల మీద ఎక్కించుకుని వీధంతా తిప్పాం. నేను ఇంటికెళ్ళి తమ్ముడి చొక్కాలు ఉతికి ఆరేశాను.

పది రోజులకి మళ్ళీ కోర్టు. బల్ల మీద అచ్చు. రెండు చెక్కలకీ మూడేసి గాట్లు. బందు దగ్గర పన్నెండు, పన్నెండు. లోపల సీసం మరకలు కూడా!

"స్టేషన్లో ముక్కలు తారుమారయ్యాయి సార్. ఇదీ అసలుది" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ఇది జతేనా?" అని జడ్జి తాతని అడిగాడు.

తాత దాన్ని మూసి, తెరిచి, మళ్ళీ మూశాడు. కాదని ఒక్క అబద్ధం ఆడితే పోయేది. పనిలో అబద్ధం ఆ మనిషికి చేతకాలేదు. "జతే. కానీ అయ్యా..."

"జతే అన్నాడు, రాసుకోండి."

"అయ్యా, మూడో అర చూడండి! ఖాళీగా ఉంటుంది! నేనే చెప్పానయ్యా వీళ్ళకి, నేనే!"

తాతని బయటికి గెంటారు. తమ్ముడికి పద్నాలుగేళ్ళు వేశారు.

ఆ సాయంత్రం తాత మా గుమ్మంలో కూలబడ్డాడు. "అమ్మాయ్, నా నాలుక కోసెయ్యి."

"కోస్తే నా తమ్ముడొస్తాడా? నీకు పాఠాలు చెప్పే పిచ్చి. దానికి వాణ్ణి బలిచ్చావ్" అన్నాను. కడుపు మండి అన్నాను. ఇవాళ్టికీ ఆ మాట వెనక్కి తీసుకోలేదు.

మర్నాడు గేటు దగ్గర మీటింగు. గొలుసు మార్చేది లేదని నోటీసు అంటించారు.

"పనిలోకి పోదాం, పిల్లల మొహం చూడండి" అన్నారు కొందరు.

"పోదాం. ఇనుము కరిగిద్దాం. కరిగాక ఫర్నేసుకి గాలి కొట్టే మిషను ఆపేద్దాం" అన్నాను.

 ఇనుము లోపలే గడ్డకడితే ఫర్నేసు ఇక ఎందుకూ పనికిరాదు, పగలగొట్టాల్సిందే.

"దాంతో మన పనీ పోతుంది కదమ్మా" అన్నాడొక ముసలి మేస్త్రీ.

"పోతుంది బాబాయ్. ఉంటే మాత్రం? ఆ గొలుసు కిందేగా చచ్చేది."

మొదట లేచిన చెయ్యి తాతది. తర్వాత ఒక్కొక్కటీ లేచాయి. మధ్యాహ్నానికల్లా ఫర్నేసులో ఎరుపు నల్లబడింది.

పోలీసులొచ్చారు. ఇన్‌స్పెక్టరు నేరుగా తాత దగ్గరికే వచ్చి నోటుబుక్కు తెరిచాడు. "ఎవరు ఆపమన్నారు? ఎవరు ఆపారు? నిదానంగా చెప్పు పెద్దాయనా, రాసుకుంటాను."

తాత పెదాలు బిగించాడు. ఇన్‌స్పెక్టరు ఆయన చెంప పగిలేలా కొట్టాడు. తాత కింద పడ్డాడు, నేను లేపాను, అయినా నోరు విప్పలేదు. ఇన్‌స్పెక్టరు నన్నడిగాడు. ముసలి మేస్త్రీని అడిగాడు. వరసగా రెండు వందల మందిని అడిగాడు. ఒక్కరూ పలకలేదు. కాగితం మీద ఒక్క అక్షరం పడలేదు. అందరినీ వ్యాన్లెక్కించారు.

తాత జైల్లోనే పోయాడు. తమ్ముడు ఇంకా లోపలే ఉన్నాడు. ఫౌండ్రీ మళ్ళీ తెరుచుకోలేదు, మా పొయ్యిలూ సరిగ్గా వెలగడం లేదు. గెలిచామని మీకు అబద్ధం చెప్పను. కానీ ఆ గొలుసు ఆ రోజు నుంచి ఎవరి నెత్తి మీదా ఊగలేదు. ములాఖత్‌లో తమ్ముడు అడిగింది ఆ ఒక్కటే. అదే చెప్పాను.