బెల్టు చివర మట్టిగీత

కోరుట్లలో పాత బండి కొనాలనుకున్నవాడు ముందు దేవేందర్‌కు చూపించాల్సిందే. ఆయన బానెట్ ఎత్తి చూస్తాడు, కార్పెట్ కింద చెయ్యి పెట్టి తడుముతాడు, చివరికి డ్రైవర్ సీట్లో కూర్చుని కళ్లు మూసుకుంటాడు. ఆ తర్వాత ఆయన నోటి నుంచి వచ్చేదే తీర్పు. ఫీజు ఏమీ లేదు, ఆగయ్య హోటల్లో ఒక చాయ్ పోయిస్తే చాలు. కాకపోతే ఆ చాయ్ తాగినంతసేపూ కార్ల కంపెనీలన్నింటి జాతకాలూ వినాలి.

మస్కట్‌లో ఒక అరబ్బు దగ్గర తొమ్మిదేళ్లు ల్యాండ్ క్రూజర్ నడిపినవాడు కాబట్టి, టయోటాను ఆయన దేవుడి పటం పక్కన పెట్టమన్నా పెడతాడు. మారుతి పెట్టింది తిని చెప్పిన పని చేసే ఇంటి మనిషట. మహీంద్రాది కాస్త మొరటుతనం, కానీ వీర్నపల్లి గుట్టల దారిలో అదే దోస్తు. జర్మనీ బండ్లు పెద్దింటి అల్లుళ్లు, వచ్చినప్పుడల్లా మర్యాదలు జరగాలి. అంబాసిడర్ మాటెత్తితే మాత్రం చాయ్ గ్లాసు కింద పెట్టేస్తాడు, పోయినవాళ్ల గురించి తేలిగ్గా మాట్లాడకూడదని.

బండ్ల విషయంలో ఇంత పెద్ద మనసున్న దేవేందర్, ఒక మనిషిని మాత్రం క్షమించలేదు. వాడు విజయ్.

పదకొండేళ్ల కింద ఇద్దరూ మస్కట్‌లో ఆ అరబ్బు ఇంట్లోనే డ్రైవర్లు. ఒక శుక్రవారం విజయ్ ల్యాండ్ క్రూజర్‌ను వెనక్కి తీస్తూ గోడకు కొట్టాడు. తెల్లారేసరికి ఆ సొట్ట దేవేందర్ చేసిందని యజమాని చెవిన వేశాడు. వారం తిరక్కుండా దేవేందర్ ఒక్క బ్యాగుతో ఇల్లు చేరాడు. ఉద్యోగం పోయినందుకు కాదు ఆయన మండిపోయింది. ఆ బండికి తాను దెబ్బ తగిలించానంటే యజమాని నమ్మాడు, అదీ మంట. పాము పగ పన్నెండేళ్లంటారు. దేవేందర్‌కు ఇంకా ఒక ఏడాది మిగిలే ఉంది.

మొన్నటి ఎండాకాలం విజయ్ కూడా గల్ఫ్ వదిలి కోరుట్లకు తిరిగి వచ్చాడు. గల్ఫ్ పోయేవాళ్లను శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు చేర్చే కిరాయి బండి పెట్టుకుందామని, జగిత్యాలలో ఒక బేరగాడి దగ్గర ఏడు సీట్ల తెల్ల బండి చూసుకున్నాడు. కంపెనీ పేరు ఎందుకులెండి, పాపం దానిది కాదు. దేవేందర్‌కు చూపించందే కొనొద్దని విజయ్ తల్లి ముత్తవ్వ పట్టుబట్టింది. మెడలోని బంగారు గుండ్లు అమ్మి ఇస్తున్నది ఆమే మరి.

హోటల్ ముందు పది మంది మూగారు. దేవేందర్ బండి చుట్టూ తిరిగి, లోపల కూర్చుని, సీటు బెల్టును చివరిదాకా గుంజాడు. చివర జానెడు మేర గోధుమరంగు మట్టిగీత కనబడింది. ఎక్కడో వరదలో ఈ బండి సీట్ల పైదాకా మునిగింది. సీట్లు, కార్పెట్లు అన్నీ కడిగినవాళ్లు బెల్టును పూర్తిగా బయటికి లాగడం మరిచిపోయారు.

ఆయనకు పట్టలేనంత సంతోషం కలిగింది. మంచి బండి అంటే ఊళ్లో తన మాట పోతుంది. గీత చూపిస్తే విజయ్ గట్టెక్కుతాడు. బెల్టును మెల్లగా వదిలేశాడు. అది దాని గూట్లోకి వెళ్లిపోయింది. తర్వాత దిగి, తలుపు విసిరికొట్టి, పెదవి విరుస్తూ పది మందీ వినేలా అన్నాడు.

“గీ బండి కొనకురా విజయ్. నీళ్లల్ల మునిగింది. అయినా నీ మొకానికి గింత పెద్ద బండి ఎందుకురా?”

చెప్పింది నిజమే. నమ్మబుద్ధి కాకుండా చెప్పాడు, అంతే.

విజయ్ నవ్వాడు. “పదకొండేండ్ల సంది నీ కడుపుమంట సల్లారలేదురా.”

ఆ సాయంత్రమే బేరగాడికి బయానా ఇచ్చేశాడు. బండి చేతికి రాగానే వేములవాడకు తోలుకుపోయి పూజ చేయించి, టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించాడు. ఆ కబురు విని దేవేందర్ ఇంకో చాయ్ చెప్పాడు.

వానలు మొదలైన వారానికి, నలుగురు ప్యాసింజర్లతో పోతున్న బండి సిరిసిల్ల దాటగానే నడిరోడ్డు మీద ఆగిపోయింది. తాళం ఎంత తిప్పినా ఉలకలేదు, పలకలేదు. నలుగురికీ విమానం తప్పింది. అందులో ఒకతని వీసా గడువు ఆ రాత్రితోనే అయిపోయింది. బండిని తాడు కట్టి కోరుట్లకు లాక్కొచ్చారు.

కళ్లారా చూద్దామని దేవేందర్ హుషారుగా విజయ్ ఇంటికి బయల్దేరాడు. విజయ్ లోపల మంచం దిగడం లేదట. బండి పక్కన, గడప మీద ముత్తవ్వ బోసి మెడతో కూర్చుని ఉంది. ఆయన్ను చూడగానే లేచి రెండు చేతులూ పట్టుకుంది.

“నువ్వొక్కనివే నిజం చెప్పినవు కొడుకా. మావోడే ఇనకపాయె. గది నీకెట్ల ఎరుకైంది?”

బండి సంగతి అడిగితే ఊరుకోగల మనిషి కాదాయన. తలుపు తీసి సీటు బెల్టును చర్రున గుంజి, మట్టిగీత చూపించాడు.

“గిదే అవ్వా. గిది ఎవలూ సూడరు.” గొంతులో గర్వం దాగలేదు.

ముసలామె ఆ గీత మీద వేలితో రాసి చూసింది. లోపల మంచం కిర్రుమంది. విజయ్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఇన్నేళ్లుగా దేవేందర్ చూడాలనుకున్నట్టే వాడి మొహం వాడిపోయి ఉంది. కానీ వాడు చూస్తున్నది బండిని కాదు, బెల్టు పట్టుకున్న దేవేందర్ చేతిని.

“మరి గా దినం గిట్లనే గుంజి సూపెడ్తె అయిపోతుండె గద కొడుకా,” అంది ముత్తవ్వ.

దేవేందర్ బెల్టును వదిలేశాడు, అది మళ్లీ దాని గూట్లోకి వెళ్లిపోయింది.