కొత్త మిషను చూపించిన రోజు

ఆయమ్మ మామోగ్రామ్ పలకను స్పిరిటు గుడ్డతో తుడుస్తోంది. ముందు వచ్చినామె చెమట ఇంకా దాని మీద ఉంది. రొమ్మును రెండు పలకల మధ్య అదిమి ఫోటో తీసే మిషను అది. "ఊపిరి బిగబట్టమ్మా, అయిపోయింది, అయిపోయింది," అని అందరికీ ఒకే మాట చెబుతుంది. వాళ్ల జాకెట్లు మోచేతికి వేసుకుని గోడవైపు తిరిగి నిలబడుతుంది.

వేసవి నుంచీ ఆమె ఎడమ రొమ్ములోనూ చింతగింజంత గట్టిగా ఏదో తగులుతోంది. ఎవరికీ చెప్పలేదు. జబ్బు మనిషిని పనిలో ఎవడుంచుకుంటాడు?

మధ్యాహ్నం కంపెనీ మనిషి కొత్త అల్ట్రాసౌండు మిషను తెచ్చాడు. మెడలో టై, నోట్లో తేనె. పాతదానికీ దీనికీ తేడా చూపిస్తానన్నాడు. పడుకోవడానికో మనిషి కావాలి.

"నేనుంటాను సార్," అంది ఆయమ్మ, అతని మాట పూర్తికాకముందే.

"మన ఆయమ్మ హీరోయినైపోయింది," అని నర్సు నవ్వింది.

ముందు పాత మామోగ్రామ్ మిషనులో తీశారు. కండ దట్టంగా ఉన్న రొమ్ము కదా, ఫిల్మంతా తెలుపే. గడ్డ ఉన్నా అదీ తెల్లగానే పడుతుంది, పాలలో సున్నం కలిసినట్టు. తర్వాత మంచం, చల్లటి జెల్లు. డాక్టరు చెయ్యి ఎడమవైపు ఆగింది. తెర మీద అంచులు చెదిరిన నల్లటి మచ్చ.

కంపెనీ మనిషి మొహం వెలిగింది.

"చూశారా డాక్టరు గారూ. మీ పాతది దీన్ని మింగేసింది."

"మిషను తీసుకుందాంలే. ఆ బొమ్మ దాచు."

"ఏమన్నా ఉందా సార్?" అంది ఆయమ్మ, జెల్లు తుడుచుకుంటూ.

"తర్వాత మాట్లాడదాం ఆయమ్మా. ముందు టీ పట్రా."

ఆ తర్వాత బేరం మొదలైంది. చీటీ లేని పరీక్షకు రిపోర్టు రాదు. నర్సు చెబుతుందని డాక్టరు, డాక్టరు చెప్పే ఉంటాడని నర్సు.

"రిపోర్టేదమ్మా?" అని అడిగింది సాయంత్రం కూతురు.

"ఇంట్లో మనిషికి రిపోర్టేంటే? రెండు మిషన్లలోనూ చూశారు. ఏమన్నా ఉంటే అంత చదువుకున్నోళ్లు చెప్పకుండా టీ అడుగుతారా?"

ఆ రాత్రి చాలా నెలల తర్వాత ఎడమవైపు తిరిగి పడుకుంది.

గడ్డ చర్మాన్ని చీల్చుకుని బయటపడేదాకా పనికి వెళ్తూనే ఉంది. మరుసటి చలికాలంలో చనిపోయింది. ఆ రోజు కొత్త మిషను దగ్గర రద్దీ ఎక్కువై ఆస్పత్రి నుంచి ఎవరికీ చివరిచూపుకు వెళ్లడానికి వీలుపడలేదు.

కంపెనీవాళ్లు కట్టించి ఇచ్చిన పటం ఇప్పటికీ వరండాలో, ఆడవాళ్లు కూర్చునే బల్లకు ఎదురుగా వేలాడుతోంది: ఒకపక్క ఉత్త తెలుపు, ఒకపక్క నల్లటి మచ్చ, మచ్చ చుట్టూ శ్రద్ధగా గీసిన ఎర్రటి సున్నా.