చెక్క నేల

పాత జిమ్‌లో నేల సిమెంటు. దాని మీద పలకలు అతికించి, పలకలకు ఆకుపచ్చ రంగు పూసి, దానికి కోర్టు అని పేరు పెట్టారు. పేరు పెట్టినంత మాత్రాన సిమెంటు మెత్తబడుతుందా? పెన్సిల్వేనియాలోని వెస్లర్ కాలేజీ ఆడపిల్లల బాస్కెట్‌బాల్ జట్టుకి ప్రాక్టీసు అక్కడే, పొద్దు పొడవకముందే. రోడ్డుకి అవతల కొత్త జిమ్ ఉంది. అందులో మేపుల్ చెక్క నేల. ఎగిరి దిగితే ఒంటి బరువు తను కూడా కాస్త మోసే నేల. అది మగపిల్లల జట్టుది. మ్యాచ్ ఉన్నరోజు మాత్రం ఆడపిల్లల్ని దాని మీదికి రానిచ్చేవారు. మ్యాచ్ అవగానే దీపాలు ఆర్పేసేవారు.

1984 జనవరిలో ఆ పలకల మీదే జట్టులోని డెనీస్ మోకాలు పోయింది. రింగుకి తగిలి వెనక్కొచ్చే బంతి కోసం, రీబౌండ్‌కి, ఎగిరి దిగింది, అంతే. ఎవరూ తగల్లేదు, ఎవరూ తొయ్యలేదు. ఎండుపుల్ల విరిగినట్టు చప్పుడొచ్చింది. రేణు పక్కనే ఉంది. ఆ చప్పుడు ఆమె చెవుల్లోంచి పోలేదు.

రేణు ఐదేళ్ళప్పుడు తెనాలి నుంచి న్యూజెర్సీలోని ఎడిసన్‌కి వచ్చింది. తండ్రి సూర్యప్రకాశ్ మందుల కంపెనీలో కెమిస్టు. తల్లి లీల ఆస్పత్రి ల్యాబులో పనిచేస్తుంది. రేణు ఇప్పుడు కాలేజీలో రెండో ఏడు. జట్టులో అందరికంటే పొట్టిది, అందరికంటే నోరున్నది. బంతి ఎవరికి వెళ్ళాలో బంతికంటే ముందు ఆమెకి తెలిసేది. జట్టువాళ్ళు 'రే' అని పిలిచేవారు.

డెనీస్ ఆపరేషన్ అయిన వారమే రేణు జట్టంతటి చేతా ఫెడరల్ ప్రభుత్వానికి ఫిర్యాదు పెట్టించింది. చదువుల్లో ఆడామగా తేడా చూపకూడదని చట్టం ఉందిగా, మరి మాకూ చెక్క నేల ఇప్పించండి అని. ఆ ఒక్క కోరికే. కాలేజీ ఆటల డైరెక్టరు హోల్కమ్ నెల రోజులు మొహం గంటు పెట్టుకుని తిరిగాడు. ఫిబ్రవరి ఆఖర్న సుప్రీంకోర్టు వేరే కేసులో తీర్పు చెప్పింది: ఫెడరల్ డబ్బు కాలేజీలో ఏ విభాగానికి అందుతుందో ఆ విభాగం వరకే ఆ చట్టం. ఆటల విభాగానికి ఆ డబ్బు రాదు. ఫిర్యాదు చచ్చింది. హోల్కమ్ మొహం విప్పారింది.

అయినా పిల్లలు ఆడారు. కసిగా ఆడారు. చుట్టుపక్కల కాలేజీల పోటీ, కాన్ఫరెన్స్, గెలిచారు. మగపిల్లల జట్టు గెలిచిన వాటికంటే ఓడినవే ఎక్కువ, అయినా ఊరి పేపరు వాళ్ళకి ఫోటో వేసేది. ఆడపిల్లలు గెలిస్తే ఉత్త స్కోరు, అదీ ఊరి బౌలింగ్ క్లబ్బు ఫలితాల కింద. మార్చి చివర్లో కాన్ఫరెన్స్ కోచ్‌లందరూ కలిసి ఆ ఏటి ఉత్తమ క్రీడాకారిణిగా రేణుని ఎన్నుకున్నారు. మర్నాడే హోల్కమ్ కబురు పెట్టాడు.

"కంగ్రాచులేషన్స్ రే, కూర్చో" అన్నాడు. అతను ఆమెని కూర్చోమనడం అదే మొదలు. "వర్జీనియా నుంచి ఫోనొచ్చింది. పెద్ద కాలేజీ. ఫుల్ స్కాలర్‌షిప్. వాళ్ళ ఆటలు టీవీలో వస్తాయి. రూల్ ప్రకారం ఒక సీజన్ ఆడకుండా కూర్చోవాలి, ఆ తర్వాత రెండేళ్ళూ నీవే. మా అనుమతి కావాలిగా, ఇచ్చేస్తున్నా."

రేణు గుండె ఎగిరింది. ఎగరదూ మరి! ఇరవయ్యేళ్ళ పిల్ల. కానీ నోరు ఊరుకోలేదు.

"పోయినేడు మా జట్టులో జోన్ వేరే కాలేజీకి వెళ్తానంటే మీరు అనుమతి ఇవ్వలేదు కదా?"

"జోన్ వేరు, నువ్వు వేరు. శుక్రవారం డిన్నర్‌లో నీ అవార్డు, నీ ట్రాన్స్‌ఫర్ రెండూ కలిపి ప్రకటిస్తా. పేపర్లవాళ్ళని కూడా పిలిచా."

ఆ సాయంత్రం ఎడిసన్‌కి ఫోన్ చేసింది. వంటింట్లో తండ్రి ఎత్తాడు.

"వెళ్ళు తల్లీ! ఇందులో ఆలోచించేదేముంది? మీ పెదనాన్న కొడుకు ఉదయ్ కూడా పెద్ద యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్ అయ్యాకేగా మెడిసిన్ సీటొచ్చింది."

"డాడీ, ఇది బాల్. మెడిసిన్ కాదు."

"ఏదైతేనేం, పెద్ద కాలేజీ పెద్ద కాలేజీయే."

"ఎవరే వెళ్ళమంటున్నది?" లైన్లోకి లీల గొంతు వచ్చింది. ఆమె మేడ మీద పడగ్గదిలో ఇంకో ఫోన్ ఎత్తింది.

"నువ్వెప్పుడు ఎత్తావు?" అన్నాడు సూర్యప్రకాశ్.

"మొదట్నుంచీ ఉన్నా. ఎవరే?"

"డైరెక్టర్, అమ్మా. హోల్కమ్."

"ఆ నేల ఇవ్వనన్నవాడేగా? వాడికి ఇవాళ నీ మీద ఇంత ప్రేమ ఎక్కణ్ణుంచి పుట్టుకొచ్చింది?"

లీల అక్కడితో ఆగలేదు.

"మా నాన్న జిల్లా బోర్డు హైస్కూల్లో మాస్టారు. కప్పు కారుతోంది, పిల్లలు తడుస్తున్నారు, బాగుచేయించండి అని పైవాళ్ళని అడిగేవాడు. వాళ్ళు కోప్పడేవాళ్ళు కాదే. ట్రాన్స్‌ఫర్ చేసేవాళ్ళు. ఒకసారైతే హెడ్మాస్టర్ని చేసి మరీ పంపారు. దండ వేసేవాళ్ళు, ఫోటో తీసేవాళ్ళు, మేం సామాను సర్దుకుని బండెక్కేవాళ్ళం."

"తాతయ్య గ్రేట్ కదా!"

"ఏం గ్రేటే! నాలుగూళ్ళు తిరిగాం. నాలుగూళ్ళలోనూ కప్పులు కారుతూనే ఉన్నాయి. వెళ్ళమన్న ప్రతిసారీ వెళ్ళాడు మహానుభావుడు. నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది."

"లీలా, దాని భవిష్యత్తు..."

"మీరు పొయ్యి మీద పాలు చూసుకోండి. రేణూ, నీ ఆట కోసం వెళ్తానంటే వెళ్ళు, నేనే సూట్‌కేస్ సర్దుతా. వాడు సాగనంపుతున్నాడని మాత్రం వెళ్ళకు."

మర్నాడు తెల్లవారుజామున, సీజన్ అయిపోయినా అలవాటు మానక పాత జిమ్‌లో ఆడుతుంటే, టీనా అనే మొదటేడు పిల్ల రీబౌండ్‌కి ఎగిరింది. ఆరడుగుల పిల్ల. దిగేటప్పుడు పలకలు ఠప్పుమన్నాయి. రేణు చేతిలో బంతి జారిపోయింది. టీనాకేమీ కాలేదు, నవ్వుతూ పరిగెత్తింది. ఇవాళ కాలేదు, అంతే. తను వర్జీనియా వెళ్తే తన మోకాళ్ళు బాగుంటాయి. మిగతా వాళ్ళ మోకాళ్ళు ఇక్కడే ఉంటాయి, ఈ సిమెంటు ఇక్కడే ఉంటుంది, అడిగే నోరు మాత్రం ఉండదు. హోల్కమ్‌కి కావలసింది సరిగ్గా అదే. ఆ మాత్రం తెలుసుకోవడానికి పెద్ద చదువులు అక్కర్లేదు.

వర్జీనియా కోచ్‌కి రేణు తనే ఫోన్ చేసి రానని చెప్పేసింది.

"ఇలాంటి ఛాన్స్ మళ్ళీ రాదు, అమ్మాయ్" అంది ఆవిడ.

"తెలుసు" అంది రేణు. ఆ పూట ఆమెకి తిండి సయించలేదు.

సాయంత్రం జట్టుని కూర్చోబెట్టింది. అవార్డుల డిన్నర్ కొత్త జిమ్‌లోనే, ఆ చెక్క నేల మీదే బల్లలు వేసి.

"చూశారా, హైహీల్స్ వేసుకుని ఆ నేల మీద చికెన్ తినొచ్చు. బూట్లు వేసుకుని ఆడటానికి మాత్రం వీల్లేదు" అంది డెనీస్, చంకకర్రలు గోడకి ఆనించి.

"అయితే చికెన్ కంటే ముందు మనం వెళ్దాం" అంది రేణు.

విషయం కోచ్ కెల్లర్ చెవిన వేశారు. ఆవిడది సగం జీతం ఉద్యోగం, అదీ హోల్కమ్ దయ మీద నడిచేది. "రేపు మూడింటికి నేను పళ్ళ డాక్టర్ దగ్గర ఉంటా. మెల్లిగా చూస్తాడాయన" అని వెళ్ళిపోయింది.

శుక్రవారం మూడింటికి జట్టు కొత్త జిమ్‌లోకి నడిచింది. బంతులు దించి ప్రాక్టీసు మొదలుపెట్టింది. బల్లలు మోసుకొచ్చినవాళ్ళు గోడ పక్కన ఆగిపోయారు. హోల్కమ్ పరిగెత్తుకొచ్చాడు.

"ఏంటిది రే?"

"ప్రాక్టీస్."

"సీజన్ అయిపోయింది!"

"వచ్చే సీజన్‌కి."

అతను ఎంత అరిచినా పిల్లలు ఆపలేదు. అయిదయ్యేసరికి అతిథులు రావడం మొదలైంది. కాలేజీకి విరాళాలిచ్చే పెద్దమనుషులు, పేపర్లవాళ్ళు, తల్లిదండ్రులు. సూర్యప్రకాశ్ కెమెరా పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాడు. "ఇది డిన్నరా, ధర్నానా?"

"రెండూనూ" అంది లీల, పట్టుచీర కుచ్చిళ్ళు సర్దుకుని గ్యాలరీ ముందు వరసలో కూర్చుంటూ.

కోటులో గులాబీ పెట్టుకున్న ముసలాయన ఒకడు ఆట చూసి ముచ్చటపడ్డాడు. "భలే ఆడుతున్నారే! రోజూ ఇక్కడేనా ప్రాక్టీసు?"

"లేదు సార్, ఇవాళే మొదలు" అంది డెనీస్. చంకకర్రతో రోడ్డవతలి పాత జిమ్‌ని చూపించింది. "రోజూ అక్కడ. నా మోకాలు కూడా అక్కడే వదిలేసి వచ్చా."

ఒక విలేకరి జేబులోంచి పెన్ను తీశాడు. అది హోల్కమ్ కంటబడింది. రేణు దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"పోలీసుల్ని పిలుస్తా."

"పిలవండి. అవార్డు వాళ్ళ చేతే ఇప్పించండి."

"నీకేం కావాలి? వర్జీనియా ఇచ్చానుగా!"

"వర్జీనియాకి నిన్ననే రానని చెప్పేశా."

హోల్కమ్ వెంటనే బేరానికి దిగాడు. "మంగళవారం, గురువారం. సరేనా?"

"రోజూ. మూడు నుంచి నాలుగున్నర. తర్వాత మగపిల్లలు."

"వాళ్ళ కోచ్ నన్ను తినేస్తాడు!"

"ఆకలిగా ఉన్నాడేమో. డిన్నర్ పెడుతున్నారుగా."

టీనా పకపకా నవ్వింది. హోల్కమ్ పెద్దమనుషుల వైపు చూశాడు, పెన్ను వైపు చూశాడు. "సరే, ఇస్తున్నా. ఇక బంతులు తియ్యండి" అన్నాడు.

"నాతో కాదు, మైకులో చెప్పండి. నా ట్రాన్స్‌ఫర్ చెప్దామనుకున్నారుగా, అదే చోట ఇది చెప్పండి."

చెప్పాడు. నసుగుతూ చెప్పాడు, కానీ చెప్పాడు. గులాబీ ముసలాయన అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు. తన చొరవే అనుకున్నాడు కాబోలు. అనుకోనీ. పిల్లలు చెమట జెర్సీలతోనే చికెన్ తిన్నారు. పేపరు ఈసారి వాళ్ళ వార్తని బౌలింగ్ ఫలితాలకి పైన వేసింది, మూడు కాలమ్‌ల ఫోటోతో. అవార్డు సంగతి నాలుగో లైన్లో వచ్చింది.

మే నెలలో వర్జీనియా కాలేజీ ఆ చోటుకి ఒహాయో పిల్లని తీసుకుందని రేణు చదివింది. పేపరు పక్కన పడేసి బయటికి నడిచి, దొరికిన రాయినల్లా తన్నుకుంటూ కాలేజీ చుట్టూ ఒక చుట్టు తిరిగి వచ్చింది. అంతే.

అక్టోబరులో కొత్త సీజన్ ప్రాక్టీసు మొదలైంది, చెక్క నేల మీద. మొదటి రోజు నాలుగు కాకముందే మగపిల్లలు వచ్చి గుమ్మంలో గుంపుగా నిలబడ్డారు. వాళ్ళ కెప్టెన్ గడియారం చూపిస్తూ అరిచాడు.

"హే రే! ఇంకెంతసేపు?"

"నాలుగున్నర దాకా. గుమ్మం మూసి నిలబడకండి, గాలి రావట్లేదు" అంది రేణు, బంతి టీనాకి విసురుతూ.