ఇద్దరు యశ్వంత్‌లు

రేగొండ బస్సు పరకాల దాటగానే మా తమ్ముడు కల్యాణ్ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"అక్కా, నీ కాళ్లు మొక్కుత. ఆడ సీరియల్ ముచ్చట తియ్యకు. సౌందర్య వాళ్ల బాపుకు గా సీరియలంటే పానం. ఎవలన్న ఎదురు మాట్లాడితే ఇంట్లకెల్లి ఎల్లగొడ్తడట."

"నేనేమన్న పిచ్చిదాన్నారా? పిల్లను అడగవోయి సీరియల్ మీద కొట్లాడుతనా?" అన్నాను. మా అమ్మ గంగి కిటికీ వైపు తిరిగి నవ్వుకుంది. ఎందుకు నవ్విందని అప్పుడే నిలదీసేదాన్ని కానీ, శుభమా అని పోతున్నాం కదా అని ఊరుకున్నాను.

కల్యాణ్ జనగామలో మోటార్లకు వైండింగు చేస్తాడు. సౌందర్య అక్కడే ఒక ప్రైవేటు దవాఖానలో నర్సు. ఇద్దరూ ఇష్టపడ్డారు. ఆమెను తప్ప వేరే పిల్లను చూపిస్తే ఇల్లు విడిచి పోతానన్నాడు వాడు. నాయిన లేడు, పెద్దదిక్కు నేనే. మాట కుదిర్చి తీసుకురావలసిన బరువు నా నెత్తిన ఉంది.

ఇక సీరియల్ సంగతి. దాని పేరు ‘నిన్నటికి లిఫ్టు’. హైదరాబాదులో ఒక పాత మేడ, అందులో లిఫ్టు అంతస్తులకు బదులు సంవత్సరాలకు పోతుంది. డాక్టర్ మేఘన, యశ్వంత్ అందులో ఎక్కి కాలంలో వెనక్కీ ముందుకూ తిరుగుతుంటారు. జనగామ, మానుకోట, భూపాలపల్లి మూడు జిల్లాల అభిమానులం కలిసి ఫోనులో ఒక గ్రూపు పెట్టుకున్నాం. గార్లలో నాది టైలరింగు షాపు. ఒక కాలు మిషను మీద, ఒక చెయ్యి ఫోను మీద. గ్రూపులో నా పేరు ‘సూదిమొన’. ఊరికే పెట్టుకోలేదు.

తగువంతా యశ్వంత్ చేతి కట్టు మీద. ఒక భాగంలో అతని ఎడమ చేతికి కాలిన గాయం, దాని మీద ఇంత లావు కట్టు. తర్వాతి భాగంలో కట్టూ ఉండదు, మచ్చా ఉండదు. మా గార్ల వాళ్లం తేల్చిందేమిటంటే యశ్వంత్‌లు ఇద్దరు. కట్టు లేనివాడు వెనకటి సంవత్సరం నుంచి లిఫ్టులో వచ్చినవాడు. మేఘనను ప్రేమిస్తున్నది వాడే. కట్టు ఉన్నవాడికి అంతా తెలుసు. తెలిసీ, తన పాత రూపమైనా సుఖపడాలని పక్కకు తప్పుకుంటున్నాడు. చెప్తుంటేనే నాకు ఏడుపొస్తుంది. మా తండా ఆడవాళ్లు మిర్చి ఏరుతూ దీని గురించి చేలోనే ముక్కు చీదుకున్నారు, ఘాటుకు కాదు!

రేగొండ నుంచి ‘పులి’ అనే ఒకాయన మాత్రం ఒప్పుకోడు. "ఒక్కడే. కట్టకముందు కట్టు లేదు, కట్టినంక ఉన్నది. గింతే. భాగాల నంబర్లు చూస్కో" అని గొంతు రికార్డు చేసి పంపిస్తాడు. నంబర్లు వేసేది మనిషే కదా, తప్పు పడదా అని నేను. "ముసలి పులీ, నీ బుర్రల గడ్డి మొలిచిందా?" అని నేనూ గొంతుతోనే ఒకసారి పంపితే, "నీ సూదికి దారమే లేదు" అని ఆయన. చలికాలం మొత్తం ఇదే. ఆ మనిషి ఎదురుపడితే నాలుగు దులపాలని నాకు ఎంత కోరికో!

రేగొండ దగ్గరి తండాలో సౌందర్య వాళ్లమ్మ మోతీబాయి మాకు ఎదురొచ్చి నీళ్లిచ్చింది. దొడ్లో నుంచి తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ ఆమె భర్త మాన్‌సింగ్ వచ్చాడు.

"రండ్రి, రండ్రి. బస్సుల సీటు దొరికిందా?"

ఆ గొంతు పులిది. రోజూ చెవిలో పెట్టుకుని విన్న గొంతు, పొరపాటు పడే సమస్యే లేదు. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మూలకు కూర్చున్నాను. అక్క ఎంత బుద్ధిగా ఉందో అని కల్యాణ్ మురిసిపోతున్నాడు పాపం.

"ఏంది బిడ్డా, మాట్లాడవు?" అని మోతీబాయి అడిగింది.

ఎంతసేపని తలూపుతాను? "ఏం లేదత్తా, బస్సుల జర కడుపుల తిప్పింది" అన్నాను.

మాన్‌సింగ్ చటుక్కున నా వైపు తిరిగాడు. ఆయన మీసం ఒక పక్కకు కదిలింది. అయిపోయిందిరా దేవుడా అనుకున్నాను.

కానీ ఆయన తువ్వాలు భుజాన వేసుకుని అమ్మ ఎదురుగా కూర్చున్నాడు. సంబంధం మాటలు మా లంబాడీ భాషలో సాఫీగా నడిచాయి. కల్యాణ్ పని అడిగారు, ఇల్లు అడిగారు, అమ్మ చెప్పింది. మోతీబాయి పళ్లెంలో బెల్లం తెచ్చి మధ్యలో పెట్టింది. మాలో రెండు వైపుల వాళ్లూ కలిసి బెల్లం తింటే మాట ఖాయమైనట్టే. మాన్‌సింగ్ చెయ్యి బెల్లం దాకా పోయి ఆగింది. ఆయన తెలుగులోకి దిగాడు. సీరియల్ తెలుగు కదా, దాని మాటలు తెలుగులోనే వస్తాయి.

"గంగక్కా, పిలగాడు మంచిగున్నడు. అన్ని బాగనే ఉన్నయి. గని నాకొక్కటి తేలాలె. యశ్వంత్ ఒక్కడా, ఇద్దరా?"

కల్యాణ్ ముఖంలో నెత్తురు లేదు. తలుపు దగ్గర సౌందర్య నెత్తి కొట్టుకుంది. ఒక్కడే అంటే చాలు, మా తమ్ముడి పెళ్లి అయిపోతుంది. ఆ మాట నా నాలుక చివరి దాకా వచ్చింది కూడా. అప్పుడు ఆయన మెల్లగా, "ఏందమ్మా, సూదిమొన మొండిదైందా?" అన్నాడు.

అంతే. "ఇద్దరు!" అన్నాను.

ఇంక చూడండి. ఆయన లేచాడు, నేనూ లేచాను. ఆయన నంబర్లంటాడు, నేను మచ్చ అంటాను. "మీ ఇద్దరి నోట్ల మన్నువడ! పిల్ల లగ్గమా, లిఫ్టు లగ్గమా?" అని మోతీబాయి అరుస్తున్నా ఎవరికీ వినపడలేదు. చివరకు మాన్‌సింగ్ బెల్లం పళ్లెం పక్కకు జరిపాడు.

"ఒక్కడిని ఇద్దరనేటోళ్ల ఇంటికి పిల్లనెట్ల ఇయ్యాలె?"

"అక్కా..." అన్నాడు కల్యాణ్. వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. వెనక్కి తగ్గితే అబద్ధమాడినట్టు, తగ్గకపోతే వాడి బతుకు పాడుచేసినట్టు. లోకమంతా ఒప్పుకునే సాక్ష్యం ఒక్కటి దొరికితే చాలనిపించింది. ఫోను తీసి డోర్నకల్ అబ్రహాం అన్నకు కలిపాను. మా వైపు కేబుల్ ఆయనదే. మిర్చి కాలంలో షాపు మూసి నేనూ ఏరడానికి పోతాను, వారమంతా మేం ఇంటికొచ్చేసరికి చీకటి పడుతుంది, సీరియల్ అయిపోతుంది. అందుకని ఆయన వారం భాగాలన్నీ దాచి, ఆదివారం పగలు తన లోకల్ ఛానల్లో ఒకదాని తర్వాత ఒకటి మా కోసం వేస్తాడు.

"అబ్రహామన్నా, ఆదివారం మాకు ఏ వరుసల ఏస్తవో జర గట్టిగ చెప్పు. ఈడ ఒకాయన చెవుల పడాలె" అని స్పీకరు పెట్టాను.

"కొత్తది ముందేస్త బిడ్డా. ముందుగాల శుక్రవారంది, దానెన్క గురువారంది, గట్ల సోమారం దాంక" అన్నాడు అబ్రహాం అన్న. "నాలుగు గొట్టంగనే నల్ల వస్తదని సగం మంది నీళ్లకు లేస్తరు గద? కొత్తది చూడకుంట పోతరని నేనే సోంచాయించి గట్ల వెట్టిన. ఎందుకమ్మా, మంచిగ లేదా?"

"మంచిగున్నదన్నా" అని పెట్టేశాను.

అంటే మిర్చి కాలమంతా గార్ల గార్లే ప్రతి వారాన్నీ తోక నుంచి తలకు చూసింది! కట్టు ముందు, గాయం తర్వాత, బాగున్న చెయ్యి ఆ తర్వాత. అది కాలంలో తిరిగే సీరియల్ కాబట్టి ఒక్కరికీ అనుమానం రాలేదు. ప్రతి భాగం మొదట్లో వచ్చే ‘ఇంతవరకు జరిగిన కథ’ను జరగబోయేది ముందే చెప్తున్నారని చప్పట్లు కొట్టాం.

ముందు సౌందర్య ఫక్కున నవ్వింది. తర్వాత కల్యాణ్, మోతీబాయి. మా అమ్మ అయితే పొట్ట పట్టుకుంది. నాకు చెవులు కాలిపోయాయి. సిగ్గుతో చచ్చిపోతాననుకున్నాను కానీ, ముక్కు చీదిన మా మిర్చి చేను గుర్తొచ్చి నేనూ ఆపుకోలేకపోయాను. "సరే మామా, ఓడి..." అనబోయాను.

మాన్‌సింగ్ నవ్వడం లేదు. చెయ్యెత్తాడు.

"ఆగు. గా మాట అనకు బిడ్డా. ఈ ఇంట్ల నేను సీరియల్ అన్ననంటే అందరు లేచిపోతరు. మీ అత్తయితే టీవీ బంద్ వెడ్తది. పత్తి చేన్ల పొద్దంత నాకేం పననుకున్నవ్? రాత్రికి సూదిమొనకు ఏం జవాబియ్యాలె అని సోంచాయించుడే. నువ్వు ఓడిపోయిననంటే రేపట్నుంచి నేను ఎవలతోని కొట్లాడాలె?" ఆయన గొంతు తగ్గించాడు. "ఒకటి చెప్త, నవ్వొద్దు. తన పాత రూపమన్న సుఖపడాలని పక్కకు జరిగిండని నువ్వు చెప్పినవు సూడు, గది ఇన్ననాడు చేన్ల కూసోని ఏడ్చిన. సీరియల్ రాసినోనికి గంత తెలివి, గంత అకలున్నదా?"

పళ్లెం దగ్గరికి లాక్కుని బెల్లం విరిచి కల్యాణ్ నోట్లో పెట్టాడు.

"పిల్లనిస్తున్న. ఒక్కటే షరతు. ఇద్దరని నువ్వనాలె, ఒక్కడని నేనంట."

కొట్లాట మానమనేవాళ్లే నా చుట్టూ అందరూ. మానొద్దని బతిమాలిన మనిషిని మొదటిసారి చూశాను. ఏడవాలో నవ్వాలో తెలియక నేనూ బెల్లం నోట్లో వేసుకుని నమిలాను. నములుతుంటే ఒక సంగతి తట్టింది.

"అయితే చెప్పు మామా. వరుస సరిచేసుకుని చూసినా సరే, యశ్వంత్ మేఘనకు ఉంగరం సోమారం తొడిగిండు, మల్ల శుక్రవారం కొత్తగ తొడిగిండు. ఆమె రెండుమార్లు గదే తీరుగ ఆశ్చర్యపోయింది. ఒక్కడే అయితే రెండుమార్లు ఎందుకు తొడుగుతడు?"

మాన్‌సింగ్ వేళ్ల మీద భాగాలు లెక్కపెట్టాడు. మీసం దువ్వుకున్నాడు. ఆయన ముఖంలో అప్పుడున్నంత వెలుగు నేను పెళ్లికొడుకు ముఖంలో కూడా చూడలేదు.

"జర ఆగు బిడ్డా," అన్నాడు, "రాత్రికి చెప్త."