గిత్మెమ్ అంటే పోను

తిరుపతిసామి మొదటి పెద్ద యుద్ధంలో ఇంగ్లీషువాళ్ళ పటాలానికి కంచరగాడిదలు తోలే పనికి పోయి, బాగ్దాదు దిక్కున తుర్కీలకు చిక్కాడు. వాళ్ళు ఆయన చేత కొండల్లో రైలుదారికి సొరంగం తవ్వించారు. యుద్ధం ముగిశాక కోవిల్‌పట్టి పక్కనున్న తన నల్లరేగడి చేనికి తిరిగొచ్చి, ఎప్పటిలాగే పత్తి వేశాడు. అక్కడ జరిగింది మాత్రం భార్య రాజమ్మాళ్‌కు గానీ, కూతురు కృష్ణమ్మాళ్‌కు గానీ ఒక్క ముక్క చెప్పలేదు.

ఎండాకాలం బావి అడుగంటిందంటే ఆయనకు ఏదో అయ్యేది. గోడకు వీపు ఆనించి కూర్చొని, ఎవరికీ తెలియని మాటలు మాట్లాడేవాడు. ముట్టుకోబోతే చేతులు అడ్డం పెట్టుకునేవాడు.

పేయి, అంటే దయ్యం పట్టిందని ఊరంతా తేల్చేసింది. ఆయన అన్న దామోదరసామి కూడా నమ్మాడు. తమ్ముడంటే ఆయనకు ప్రాణం. అందుకే తాయెత్తులు కట్టించాడు, పూజారి సోలైమలైని పిలిపించి వేపమండలతో కొట్టించాడు. ఏదీ పనిచేయకపోయేసరికి, పేయి పట్టినవాళ్ళను గొలుసులతో కట్టి ఉంచే గుడి ఒకటుందని విని, వచ్చే ఎండలకు అక్కడ విడిచిపెడదామన్నాడు.

కృష్ణమ్మాళ్ విరుదునగర్‌లో మిషన్ బడిలో ఉండి చదివిన పిల్ల. ఇంగ్లీషు బాగా వచ్చు. తండ్రి మాటలను చెవి ఒగ్గి వింటే, అవే మాటలు అవే చోట్ల మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి. పేయికి వ్యాకరణం ఎక్కడిది అనుకుంది. పత్తి బండ్లతో విరుదునగర్ పోయి, తనకు చదువు చెప్పిన విల్మట్ దొరసానిని, ఇవి తుర్కీల మాటలేమోనని అడిగింది. దొరసాని తమ్ముడు కూడా ఆ యుద్ధంలో తుర్కీల దగ్గర ఖైదీగా ఉన్నవాడే. ఇంగ్లీషువాళ్ళు తుర్కీ నేర్చుకునేందుకు అచ్చువేసిన చిన్న పుస్తకం ఆయనది ఆమె దగ్గర ఉంది. తమవాళ్ళకు అది తలకిందుల భాష అని హెచ్చరించి మరీ ఇచ్చింది.

మొదట్లో నిజంగానే తల తిరిగింది. ప్రతి మాటనూ ఇంగ్లీషులోకి తిప్పుకొని, అక్కడి నుంచి తుర్కీలోకి పోబోతే మధ్యలోనే తెగిపోయేది. ఒకనాడు విసుగొచ్చి ఇంగ్లీషును పక్కన పెట్టి, ఇంట్లో మాట్లాడే తెలుగుతో చూసుకుంది. ఎవ్ అంటే ఇల్లు. ఎవ్లెర్ అంటే ఇండ్లు. ఎవ్లెర్‌దె అంటే ఇండ్లలో. తోకలన్నీ మన వరసలోనే ఉన్నాయి. క్రియ కూడా మనకు మల్లేనే కడాన వస్తుంది. ఇంగ్లీషులో నాలుగు మాటలు కావలసినచోట ఇక్కడ ఒకటే చాలు. గిత్మెమ్, పోను. వెర్మెమ్, ఇయ్యను. అక్కడి నుంచి పాఠాలు గబగబా సాగాయి.

పేయి మాటలు నేర్చిన పిల్లను ఎవరు చేసుకుంటారని పెదనాయన కోప్పడ్డాడు.

"ఎవురూ చేసుకోకుంటే పోనీండి పెదనాయినా. నేను మానను," అంది.

ఎండలు ముదిరాయి, బావి ఎండింది. ఇంటి ముందు బండి నిలిచింది. సోలైమలై గొలుసు పట్టుకొని లోపలికి అడుగు పెట్టేసరికి తిరుపతిసామి గోడకు అతుక్కుపోయి, "గిత్మెమ్, గిత్మెమ్," అని అరిచాడు. పేయి తన పేరు చెప్పేసిందని సోలైమలై సంబరపడ్డాడు.

కృష్ణమ్మాళ్ వాళ్ళిద్దరి మధ్యకు వచ్చి నిలబడింది. "అది పేరు కాదు. పోను అంటా ఉండాడు మా నాయన. గొలుసు చూస్తే ఎవురైనా అదే అంటారు."

పెదనాయన తప్పుకోమన్నాడు.

"వెర్మెమ్," అంది ఆమె. ఆయనకు అర్థం కాలేదని తెలుగులో మళ్ళీ చెప్పింది. "మా నాయనను ఇయ్యను."

అప్పుడు కుండలోంచి చెంబెడు నీళ్ళు ముంచి తెచ్చి, తండ్రిని ముట్టుకోకుండా ఎదురుగా కూర్చుంది. "బాబా, ఎవ్‌దెసిన్. సు వార్," అంది మెల్లగా. నాయనా, ఇంట్లో ఉండావు, నీళ్ళుండాయి అని.

ఆయన తల తిప్పాడు. ఇన్నేళ్ళలో ఆ మాటలకు బదులు రావడం అదే మొదలు. తుర్కీలో ఏదో చెప్పడం మొదలుపెట్టాడు. ఆమెకు సగమే తెలిసింది. చెప్పగా చెప్పగా ఆయన నోట తెలుగు వచ్చింది. తనతో పాటు చిక్కిన మాడన్ సొరంగం దగ్గర కూలిపోయి నీళ్ళడిగాడు. చుక్క లేదు. కావలివాళ్ళు ముందుకు నడవమని తరిమారు.

"వాణ్ణి విడిచి పోనన్నానమ్మా. ఈడ్చుకొని పోయినారు," అన్నాడు.

వాకిట నిలబడ్డ దామోదరసామి అంతా విన్నాడు. బండి దగ్గరికి పోయి తానే ఎద్దులను విప్పేశాడు.

ఆ బాధ పూర్తిగా పోలేదు. ఎండాకాలం వచ్చినప్పుడల్లా వచ్చేది. కానీ గొలుసు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. రాజమ్మాళ్ కూడా ఓ పది మాటలు నేర్చుకొని, వచ్చీరాని తుర్కీలో మొగుణ్ణి అన్నానికి పిలిచేది.

మరుసటేడు కయత్తారులో ఇసక్కిముత్తు అనే ఆయన భార్యకు పేయి పట్టిందని సోలైమలైని పిలిచారు. సంగతి తెలిసి కృష్ణమ్మాళ్ బయల్దేరింది. ఆవిడ మాట్లాడేది అందరికీ తెలిసిన తమిళమే గదా, నువ్వెందుకు అని రాజమ్మాళ్ అడిగింది.

"తమిళమైతే వినేది ఇంకా సులువు గదమ్మా," అంటూ ఆమె గడప దాటింది.